బర్రెతో చెప్పి పంపిన మాటలు

ఒకరోజు నేను సంతోష్‌నగర్‌లో మా గల్లీ అంతా జున్ను పంచాను. బర్రె ఈనింది కాబట్టి పంచుతోందని అందరూ అనుకున్నారు. పాలవాళ్ల ఇళ్లలో అది మామూలే. ఈనిన బర్రె మొదటి పాలు అమ్మరు, బెల్లం కలిపి ఆవిరి మీద ఉడికించి ఇరుగుపొరుగుకు పెడతారు. ఎవరూ ఏమీ అడగలేదు. నాకేమో ఎవరైనా అడిగితే బాగుండునని నాలుక దురద పెడుతోంది. గిన్నెలు పట్టుకుని ఆ రోజు నేను నడవలేదు, ఎగిరాను. నేను పంచింది బర్రె ఈనినందుకు కాదు మరి, నా ఏడేళ్ల బిడ్డ నా మొహం మీద అన్న ఒక మాటకు. ఆ మాటేమిటో ఇప్పుడే చెబితే "ఇంతేనా, దీనికింత లొల్లా" అంటారు. అందుకే మొదటినుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మా పుట్టిల్లు లాల్‌దర్వాజా వెనక గల్లీలో. ముందు రెండు గదులు, వెనక కొట్టం, కొట్టంలో ఆరు బర్రెలు. అమ్మ పాలు పిండేది, బాపు సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని బార్కస్ దాకా పోసి వచ్చేవాడు. అమ్మ చేతికి మా గల్లీలో పెద్ద పేరు. ఎంత తన్నే బర్రె అయినా ఆమె పక్కన కూర్చుని పొదుగు మీద చెయ్యి వేస్తే చాలు, పాలు చేపుకొచ్చేది. ఆ చెయ్యి చూసి నేను గర్వపడేదాన్ని. ఇప్పటికీ గర్వమే.

అమ్మ కొట్టేది కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత్తర్వాత చాలామంది నన్ను "మీ అమ్మ కొట్టిందా" అని అడిగారు, లేదంటే "మరింకేంది" అన్నారు. కొట్టేది కాదు, తిట్టేది కూడా కాదు. మాట బంద్ చేసేది. కోపమొస్తే నాతో మాట్లాడడం ఆపేసి, నాకు చెప్పాల్సిందంతా బర్రెతో చెప్పేది. నేను అక్కడే రెండడుగుల దూరంలో నిలబడి ఉంటాను. ఆమె బర్రె మొహం చూసి అంటుంది: "ఓసే, అన్నం కుండల ఉన్నదని చెప్పు. తింటరో మానుతరో వాళ్లిష్టం." బర్రె నెమరేస్తూ ఉంటుంది. నేను పోయి అన్నం పెట్టుకుని తింటాను. చుట్టాలు ఇది చూసి పడి పడి నవ్వేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని, నవ్వకపోతే అది కూడా తప్పవుతుందేమోనని భయం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జరిగింది చెబుతాను. బడికి సెలవున్న రోజు బాపు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బార్కస్ తీసుకుపోయేవాడు. అక్కడ ఒక ముసలమ్మ మా పాత గిరాకీ. ఎప్పుడు పోయినా వాళ్ల చెట్టు జామకాయ ఒకటి నా చేతిలో పెట్టేది. ఆ రోజు కూడా జామకాయ ఇచ్చి, నా గడ్డం పట్టుకుని, "సచ్ బోల్ బేటీ, దూధ్ మే పానీ హై?" అంది. పాలలో నీళ్లున్నాయా అని. నేను కాయ కొరుకుతూ నిజాయితీగా చెప్పాను: "ఒక్క చెంబే." ముసలమ్మ కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. పొద్దుగూకేసరికి ఆ వాడంతా ఆ మాటే. బాపు కూడా లోలోపల నవ్వుకున్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

అది మా లాల్‌దర్వాజా బోనాల మరునాడు. ఆనాడు మొదలైన మాట బంద్ రాఖీ పున్నమి దాకా నడిచింది. అన్ని రోజులు నేను ఆ ఇంట్లో బర్రె ద్వారానే బతికాను. స్నానానికి నీళ్లు కాగాయని బర్రెకు చెప్పింది. జ్వరమొచ్చి పడుకుంటే గోలీ అల్మరాలో ఉందని బర్రెకు చెప్పింది. ఒక పొద్దున బాపు నన్ను పక్కకు పిలిచి, "పోయి కాళ్ల మీద పడు బిడ్డా, అయిపోతది" అన్నాడు. పోయి పడ్డాను. అమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. రాఖీ నాడు మాత్రం ఏమీ జరగనట్టు, "ఇటు రా, జడేస్త" అంది. అంతే, అయిపోయింది. కోపం ఎందుకు మొదలైందో నాకు తెలుసు, ఎందుకు పోయిందో ఎన్నడూ తెలియలేదు. అప్పటినుంచి పొద్దున లేవగానే అమ్మ మొహం చూసి ఆ రోజు నేను ఉన్నానో లేనో తెలుసుకునేదాన్ని.

పెళ్లై సంతోష్‌నగర్ వచ్చాక ఒట్టు పెట్టుకున్నాను, నా ఇంట్లో ఈ పద్ధతి ఉండకూడదని. మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో పని, షిఫ్టుల మనిషి, నెమ్మదస్తుడు. అప్పట్లో మా వైపు ఖాళీ జాగాలు మస్తు. ఇంటి వెనక రెండు బర్రెలు కట్టుకున్నాను. నా నోరు పెద్దది, కోపం ముక్కు మీద ఉంటుంది, ఎవరినైనా ఎదురుగానే కడిగేస్తాను. నేనెక్కడ, అమ్మెక్కడ అనుకునేదాన్ని.

కానీ ఒక్క నా బిడ్డ దగ్గరే నా నోరు ఆగిపోయేది. అది కొత్త గౌను మీద సిరా ఒలకబోసుకున్న రోజు నేను కొట్టలేదు, అరవలేదు. బర్రె వైపు తిరిగి, "చూసినవానే, గౌను గతి. ఇంకోటి కుట్టియ్యరని చెప్పు" అన్నాను. అన్నానని కూడా నాకు తెలియదు. ఊపిరి పీల్చినట్టు వచ్చేసింది. తర్వాత మూడు రోజులు అదే. ఆ తర్వాత ఇంకోసారి, మరోసారి. పైగా పక్కింటామెతో గొప్పగా చెప్పుకున్నాను, "నేను బిడ్డ మీద చెయ్యెయ్య" అని. మా అమ్మ కూడా సరిగ్గా ఇదే మాట అనేది.

ఒక సాయంత్రం మిషన్ బడి టీచరమ్మ ఇంటికొచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో ఉండే క్రిస్టియన్ ఆమె. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ పాప ఆర్నెల్ల నుంచి క్లాస్‌ల నోరిప్పలేదమ్మా. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతది. నీళ్లు కావాలన్నా, కడుపునొప్పన్నా చెయ్యే. ఇంట్ల మాట్లాడుతదా?"

నాకు కోపం నషాళానికెక్కింది. "నా కడుపున మూగది ఎట్ల పుడ్తది టీచరమ్మా? నా నోరు జూసినవా, గల్లీ చివరిదాక వినబడ్తది" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, అది నాతో ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడిందో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడే వెనక కొట్టంలోంచి సన్నగా గొంతు వినిపించింది. ఇద్దరం తొంగి చూశాం. బిడ్డ బర్రె గంగడోలు నిమురుతూ, దాని చెవి దగ్గర చెబుతోంది: "అమ్మకు చెప్పు. నేను మంచిగనే ఉన్నని చెప్పు. కోపం పోయిందా అని అడుగు."

టీచరమ్మ నా వైపు చూసింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎవరు నేర్పారు దీనికి అని అడగాల్సిన పని లేదు కదా. నా బిడ్డ గొంతు నేనే మింగేస్తున్నాను. ఇంకొన్నాళ్లు పోతే అది బర్రెతో కూడా మాట్లాడదేమో.

టీచరమ్మే చెప్పింది, పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పైన చిన్న గదిలో మంగళవారాలు ఒక డాక్టరమ్మ కూర్చుంటుందని. మందులివ్వదట, మాట్లాడుతుందట. మాట్లాడడానికి డాక్టరెందుకు అనిపించింది. పిచ్చిదాని కింద జమకడతారని భయం కూడా వేసింది. అయినా పోయాను. బిడ్డ కోసం నిప్పులైనా తొక్కుతాం, మెట్లెక్కడానికేం.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. తెల్ల దుపట్టా, చేతికి మగవాళ్ల గడియారం, పక్కన చాయ్ ఫ్లాస్కు. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలుస్తున్నారు, నేనూ ఆపా అన్నాను. "ఆవో, బైఠో, కూసో. నా తెలుగు కొంచెం కచ్చా ఉన్నది, సర్దుకో" అంది. నేను ఊపిరి తీసుకోకుండా బిడ్డ సంగతంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది: "నీ చిన్నప్పుడు మీ ఇంట్ల ఎవరికన్న గుస్సా, కోపం వస్తే నీకెట్ల తెలిసేది?"

నేను నవ్వుతూ బర్రె కథ చెప్పాను. ఎవరికి చెప్పినా నవ్వే కథ అది. ఆపా నవ్వలేదు. రాయడం ఆపింది, నా వైపే చూస్తూ ఊరికే కూర్చుంది. పైన పంకా కిర్రుమంటోంది, కింద వీధిలో ఎవరో బేరమాడుతున్నారు. ఆమె మాట్లాడదు. ఇంకా మాట్లాడదు. ఏదో తప్పు వాగాను, ఈమెకు కోపమొచ్చింది, ఇప్పుడీమె పంకాతో మాట్లాడుతుంది అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగి ఉరికాను. చార్మినార్ దగ్గర గాజులమ్మే అవ్వ, "ఏమైంది బిడ్డా, ఎవరన్న తరుముతున్నరా" అని అడిగేదాకా ఆగలేదు.

రెండు మంగళవారాలు పోలేదు. మూడోసారి, రెండు లీటర్ల పాలు మరిగించి కోవా చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకుని పోయాను. గదిలోకి పోతూనే ఆపా కాళ్ల మీద పడ్డాను. బాపు నేర్పిన మందు అదొక్కటే కదా నా దగ్గరున్నది.

"తప్పైంది ఆపా. మాఫ్ చెయ్యి."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు. కుర్చీలోంచి లేచి, మోకాళ్ల నొప్పికి మూలుగుతూ, నా పక్కన నేల మీద కూర్చుంది. "ఏం తప్పు చేసినవ్?" అంది.

ఎంత ఆలోచించినా ఒక్క తప్పు కూడా దొరకలేదు.

"నేను చుప్ కూసున్నది వినేటందుకు" అంది ఆపా. "నువ్వు నవ్వుకుంట చెప్పినవ్ గానీ, నాకు ఆ చిన్న పోరి కనబడ్డది. అందుకే నవ్వలే. సూడు, నాకు గుస్సా వస్తే నేను నోటితోనే చెప్త, నీకే చెప్త. గోడకు చెప్ప, పంకాకు చెప్ప. ఇది నా వాదా." వాదా అంటే మాట ఇవ్వడం. అంతవరకు నాకు అట్లాంటి మాట ఎవరూ ఇవ్వలేదు. అక్కడే నేల మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపుకు కింద దుకాణంవాడు పైకొచ్చి చూసి పోయాడు.

ఆ తర్వాత మంగళవారం వస్తుందంటే నాకు ఆదివారం నుంచే హుషారు. ఆపా పెద్ద పెద్ద మాటలు చెప్పేది కాదు. "మనిషి చేసిన గాయం మనిషితోనే మానాలె, గోలీతో మానదు" అనేది. కొన్నాళ్లకు బిడ్డను కూడా తీసుకురమ్మంది. అది మూలన కూర్చుని గచ్చకాయలాడుతుంటే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు ఆత్రం ఆగక, "ఇది ఎన్నడు మాట్లాడ్తది ఆపా" అని సతాయించేదాన్ని.

ఒకసారి ఆమె ఎదురు ప్రశ్న వేసింది: "దెబ్బలు తిన్న బర్రెను కొనుక్కొస్తే ఏం చేస్తవ్?"

అది నా విద్య. దాని గురించి అడిగితే నేను ఆగను. మొన్నే అట్లాంటిదాన్ని కొన్నానని చెప్పాను. పాత యజమాని కొట్టాడు కాబోలు, పొదుగు ముడితే చాలు తన్నేది, ఒక్క చుక్క విడిచేది కాదు. దాన్ని తొందరపెట్టొద్దు. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, అదే చప్పుడు చేసుకుంటూ పోవాలి. తన్నినా మళ్లీ పోయి కూర్చోవాలి. పాలు అడక్కుండా ఊరికే వీపు రుద్దాలి. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ఒకరోజు దానంతట అదే చేపుతుంది.

"బిడ్డకు ఎన్ని రోజులిచ్చినవ్?" అంది ఆపా.

అసలు సంగతి ఆ తర్వాతి నెలలో జరిగింది. ఒక మంగళవారం తప్పకుండా వస్తానని చెప్పి, బద్ధకించి ఎగ్గొట్టాను. కబురు కూడా పంపలేదు. మరుసటి వారం పోయి కూర్చోగానే ఆపా నా కళ్లలోకి చూసి చెప్పింది.

"పోయిన వారం నువ్వు రాలే. నేను రెండు గంటలు కూసున్న, వేరేవాళ్లను పొమ్మన్న. నాకు గుస్సా వచ్చింది."

అయిపోయింది, ఈమె కూడా పోయింది అనుకున్నాను. చేతులు వాటంతటవే ఆమె కాళ్ల వైపు పోతున్నాయి. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ, అదే గొంతుతో, "చాయ్ తాగుతవా?" అంది.

నాకర్థం కాలేదు. "కోపం పోయిందా ఆపా?"

"లేదు, ఇంక కొంచెం ఉన్నది. చాయ్ తాగేసరికి పోతది."

"మరి చాయ్ ఎందుకిస్తున్నవ్?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కోపం నువ్వు రానందుకు. చాయ్ నువ్వొచ్చినందుకు."

నేను ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఎంతసేపు చూశానో. కోపమూ చాయూ ఒకే మనిషి దగ్గర, ఒకే నిమిషంలో ఉండొచ్చట. కోపమొచ్చిన మనిషి పక్కన కూర్చుని చాయ్ తాగొచ్చట. ఇది లోకంలో అందరికీ తెలుసేమో, నాకు తెలియదు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. మెట్లు రెండేసి దిగాను. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమెతో, "అక్కా, ఒకామెకు నా మీద కోపమొచ్చింది, అయినా చాయ్ పోసింది" అని చెప్పాను. ఆమె కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

ఇంటికి పోయి మొదట మా ఆయన మీద ప్రయోగం చేశాను. షిఫ్టు నుంచి వచ్చి బురద చెప్పులతో వంటింట్లోకి వచ్చాడు. "నాకు నీ మీద కోపమొచ్చింది. చాయ్ తాగుతవా?" అన్నాను. ఆయన నా నుదురు ముట్టి చూశాడు, జ్వరమేమైనా వచ్చిందా అని. తవుడు దుకాణం సేటుతో అన్నాను, పక్కింటామెతో అన్నాను. "ఈమెకు ఏమో అయింది" అని గల్లీలో గుసగుసలు మొదలయ్యాయి. నాకేం ఫికర్ లేదు, కొత్త సైకిల్ నేర్చుకున్న పిల్లలా ఊరంతా తిప్పుతున్నాను.

ఆ హుషారులోనే పుట్టింటికి పోయి అమ్మకు కూడా చెప్పేశాను, ఫలానా ఆపా దగ్గరికి పోతున్నానని. అది తప్పైంది. అమ్మ మొహం ముడుచుకుపోయింది. బర్రె వైపు తిరిగి, "ఇంటి గుట్టు బజార్ల పెట్టినోళ్లతోని నాకేం మాటల్లేవని చెప్పు" అంది. మళ్లీ బంద్. ఈసారి నెలల తరబడి సాగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మా అమ్మను చూస్తే నిజమే అనిపించింది. నన్ను చూసి అది అబద్ధం కావాలని రోజూ మొక్కుకునేదాన్ని.

నా అసలు పరీక్ష ఒక పొద్దున వచ్చింది. పాలకు వచ్చినవాళ్లు గిన్నెలతో వాకిట్లో నిలబడి ఉన్నారు. నేను కొట్టంలోకి పోతే దుడ్డె తాడు విప్పి ఉంది. ఆ రోజుల్లో పాలిచ్చే బర్రె దాని తల్లి ఒక్కటే, దుడ్డె ఉన్న పాలన్నీ తాగేసి మూతికి నురగతో నిలబడింది. పక్కన నా బిడ్డ, చేతిలో తాడు. దానికి జాలేసి విప్పినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మెడ దానంతట అదే బర్రె వైపు తిరిగింది. "చెప్పే దీనికి..." అనేశాను కూడా.

బిడ్డ అప్పటికే తల దించుకుంది. నా మెడను నేనే పట్టి తిప్పుకున్నాను. అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. దాని ముందు గొంతుక్కూర్చున్నాను.

"బిడ్డా, నాకు నీ మీద కోపమొచ్చింది. దుడ్డెను ఎందుకు విప్పినవని కోపమొచ్చింది. పొద్దెక్కేసరికి పోతది. పోయినాంక పోయిందని నీకే చెప్త. అప్పటిదాక కూడ నీతోని మాట్లాడ్త. ఇప్పుడు దా, చాయ్ తాగుదాం."

అది చేతిలో తాడు కింద పెట్టింది. తర్వాత నెలల తరబడి నేను వినని గొంతుతో, నెమ్మదిగా అంది: "పాలు లేవు కద."

వాకిట్లో గిన్నెలతో నిలబడ్డవాళ్లకు నా నవ్వు వినబడింది. ఆ రోజు ఇద్దరం నల్ల చాయే తాగాం. పొద్దెక్కాక, "కోపం పోయింది" అని చెప్పాను. అది తలూపింది. అక్కడినుంచి ఒకటీ అరా మాటలు మొదలయ్యాయి: ఆకలైతుంది, జడ వదులైంది, దుడ్డె తుమ్మింది. రాత్రి మా ఆయనకు అన్నం పెడుతూ అవన్నీ అప్పజెప్పేదాన్ని.

ఇక జున్ను సంగతి. బడి వార్షికోత్సవంలో మా బిడ్డ నాలుగు లైన్ల పద్యం చెబుతానందని టీచరమ్మ పరుగెత్తుకొచ్చి చెప్పింది. "ముందు వరుసల కూసుంట, నన్ను జూసి చెప్పు" అని బిడ్డకు మాటిచ్చాను. తీరా ఆ రోజు పొద్దున్నే రెండో బర్రెకు నొప్పులు మొదలయ్యాయి. కడుపులో దుడ్డె కాలు అడ్డం పడింది. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. వదిలి పోతే రెండు ప్రాణాలు పోతాయి. టీచరమ్మ వచ్చి బిడ్డను తీసుకుపోయింది. నేను చేతులు కడుక్కుని ఉరికేసరికి బడిలో బెంచీలు ఎత్తేస్తున్నారు.

దారంతా బిడ్డ నాకు రెండడుగుల ముందు నడిచింది. వెనక్కి తిరగలేదు, ఒక్క మాట లేదు. ఇన్ని మంగళవారాలు కట్టిందంతా నా చేత్తోనే కూల్చేశాననుకున్నాను. ఇంటికి రాగానే అది తిన్నగా కొట్టంలోకి పోయింది. ఇప్పుడు బర్రెతో చెబుతుంది, నేను బయట నిలబడి వినాలి అనుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాను.

అది కొత్త దుడ్డెను చూసింది. బర్రెను చూసింది. చేతులు నడుము మీద పెట్టుకుని నా వైపు తిరిగింది.

"అమ్మా, నాకు నీ మీద కోపమొచ్చింది. మస్తు వచ్చింది. ముందు కూసుంట అన్నవ్, రాలే. నేను టీచర్ దిక్కు జూసి చెప్పిన."

ఇదీ ఆ మాట. ఇంతే. మా ఇంట్లో కూతురు తల్లి కళ్లలోకి చూసి ఆ మాట అనడం అదే మొదటిసారి. అంటే ఏమీ కాదని, నేనెక్కడికీ పోనని నమ్మితేనే కదా అంటుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఎందుకు నవ్వుతున్నవ్? నేను కోపం మీద ఉన్న" అని కాలు నేలకేసి కొట్టింది.

"ఉండు బిడ్డా, ఎంతసేపన్న ఉండు. నేను మాటిచ్చి రాలే, తప్పు నాదే."

అది కాసేపు ఆలోచించి, "సరే, అన్నం పెట్టు. ఆకలైతుంది" అంది.

మరునాడు గల్లీ అంతా జున్ను పంచాక, పెద్ద గిన్నె ఒకటి విడిగా తీసి మూత పెట్టాను. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని రిక్షాలో లాల్‌దర్వాజా పోయాను. అమ్మ కొట్టంలోనే ఉంది. మమ్మల్ని చూసి, చూడనట్టు బర్రె వీపు మీద చెయ్యి వేసింది.

"ఓసే, ఎవరో జున్ను తెచ్చినట్టున్నరు. ఆడ పెట్టి పొమ్మని చెప్పు."

నాకు మళ్లీ తొమ్మిదేళ్లయ్యాయి. మోకాళ్లు వంగబోయాయి. వంగనివ్వలేదు. "అమ్మా, నా మీద నీకు కోపమున్నది. నాక్కూడ నీ మీద ఉన్నది, చిన్నప్పటి సంది ఉన్నది. జున్ను తెచ్చిన, ముగ్గురం తిందాం" అన్నాను. అమ్మ తిరగలేదు. బర్రె చెవి దగ్గర మళ్లీ ఏదో అనబోయింది.

నా బిడ్డ నా చెయ్యి వదిలించుకుని పోయి, అమ్మ కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మమ్మా, అది చెప్పదు. నేను మస్తు సార్లు చెప్పి పంపిన. ఒక్కసారి కూడ మా అమ్మకు చెప్పలే."

బర్రె వీపు మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి కొంగుకు తుడుచుకుని, నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"బెల్లం ఎక్కువేసినవా?" అని నన్నే అడిగింది.

"తిని చూడమ్మా" అన్నాను.